డిస్కు వేడెక్కింది

ఆ శనివారం ఉదయం జ్ఞానప్రకాశం పెట్టుకున్న పని ఒక్కటే: కంప్యూటరు ఫ్యాను నోరు మూయించి, భార్య పాట మొత్తం వినడం. మర్నాటికి రత్నకుమారి పోయి ఏడాది. రాయపూర్ రైల్వే కాలనీలోని వాళ్ళ క్వార్టర్లోనే జ్ఞాపకార్థ కూడిక. అందులో ఆవిడ పాటే వినిపించాలని ఆయన పట్టు.

చర్చి క్వైర్ వాళ్ళు నేర్చుకోవడానికని ఒక వేసవిలో ఆవిడ ఇంట్లోనే కూర్చుని పాడి కంప్యూటర్లో ఎక్కించింది. ఇప్పుడా గొంతు ఆ పాత హార్డ్ డిస్కులో తప్ప ఇంకెక్కడా లేదు. చిక్కేమిటంటే, పాట పెట్టగానే వెనక గుయ్యిమని ఒక రొద మొదలయ్యేది. పాట మోయలేక డిస్కు వేడెక్కుతోందనీ, దాన్ని చల్లార్చలేక ఫ్యాను అరుస్తోందనీ ఆయన తీర్మానించుకున్నాడు. ఎక్కడ కాలిపోతుందోనన్న భయంతో మొదటి చరణం కాగానే ఆపేసేవాడు. అలా ఏడాదంతా భార్యను ఒక్క చరణమే విన్నాడు. హెడ్‌ఫోన్లు పెట్టుకోమని కూతురు రేచల్ ఫోన్లో సలహా ఇచ్చింది గానీ, ఆయనకు రత్నం చెవిలో పాడితే చాలదు, గదిలో పాడాలి.

తెలీబంధాలో కంప్యూటర్లు బాగుచేసే ఒక షాపతను ఫ్యాను వేగం తగ్గించే చిన్న నాబ్ బిగించి ఇచ్చాడు. ఫ్యాను తగ్గిస్తే డిస్కు వేడెక్కుతుందనీ, పాతది కాబట్టి ఎక్కువ కదపొద్దనీ చెప్పి పంపాడు. జ్ఞానప్రకాశం పాట పెట్టి నాబ్ కాస్త తిప్పాడు. రొద తగ్గలేదు. సగం తిప్పాడు, పూర్తిగా తిప్పాడు. రొద అలాగే ఉంది. కంప్యూటరు పెట్టె మీద చెయ్యి వేస్తే మాత్రం కాలింది. హడలిపోయి పాట ఆపేసి, పక్కింటి గోడ దగ్గరకు పరిగెత్తాడు.

"తాయారమ్మ గారూ, ఫ్రిజ్‌లో బరఫ్ ఉందాండీ?"

"ఉందన్నయ్య గారూ. ఏం, చుట్టాలొచ్చారా?"

"లేదమ్మా, డిస్కు బాగా గరం అయిపోయింది. పొద్దుట్నించీ ఒకటే మూలుగు. చల్లగా పెట్టకపోతే పూర్తిగా పోతాదంట."

ఆ కాలనీలో జీవితమంతా వ్యాగన్ల కింద దూరి బరువులెత్తిన మగవాళ్ళే ఎక్కువ. అక్కడ డిస్కంటే నడుములోదే, రెండో అర్థం లేదు. తాయారమ్మ భర్త శివాజీ ఆ డిస్కుతోనే మూడు నెలలు మంచం దిగలేదు.

"అయ్యయ్యో. మరి డాక్టరేమన్నాడు?"

"డాక్టరెవరమ్మా, తెలీబంధా షాపువాడు చూశాడు. కొత్తది వేయించుకోమంటాడు. నాకే మనసొప్పడం లేదు. రత్నం ఉన్నప్పట్నించీ ఉన్నది కదా."

తాయారమ్మ కొంగుతో కళ్ళొత్తుకుంది. ఐసు ముక్కలు సంచీలో పోసి ఇచ్చి, ఆయన అటు తిరగగానే భర్తను లేపింది. శివాజీ వెళ్ళి ఎదురింటి ప్రేమ్‌చంద్‌ను పిలిచాడు. ప్రేమ్‌చంద్ వాళ్ళింటికి అభన్‌పూర్ నుంచి ఆ ఉదయమే వాళ్ళ కాకా, అంటే బాబాయి, వచ్చి ఉన్నాడు. ఎముకలు సరిచేయడంలో ఆయన చెయ్యి పడితే తిరుగు లేదని చుట్టాల్లో పేరు.

వాళ్ళు వచ్చేసరికి జ్ఞానప్రకాశం రొద తగ్గుతుందేమో చూద్దామని మళ్ళీ పాట పెట్టి, బల్ల కింద మోకాళ్ళ మీద వంగి, ఐసు సంచీ పెట్టె మీద సర్దుతున్నాడు. అంతకన్నా రుజువేం కావాలి?

"అరే ప్రకాశం భాయ్, ఝుకో మత్," అంటూ ఇంక వంగనివ్వకుండా ప్రేమ్‌చంద్ రెక్క పట్టుకున్నాడు. శివాజీ రెండో రెక్క పట్టుకున్నాడు. ఇద్దరూ కలిసి ఆయన్ని చాప మీద బోర్లా పడుకోబెట్టారు.

"నాకు కాదయ్యా, డిస్కుకి!"

"డిస్కుకే చేస్తున్నాం గురూగారూ. కాసేపు ఓర్చుకోండి," అన్నాడు శివాజీ.

కాకా నూనె రాశాడు. నూనె మీద గాలి తగలకూడదని తాయారమ్మ సీలింగ్ ఫ్యాను ఆపింది. ఈ గోలలో మొదటి చరణం ఎప్పుడు అయిపోయిందో ఎవరికీ తెలియలేదు. కాకా ఆయన నడుం మీద మోకాలు ఆనించి ఒక్క నొక్కు నొక్కాడు. కటుక్కుమంది. ఏం విరిగిందోనని అందరూ ఊపిరి బిగబట్టారు.

ఆ నిశ్శబ్దంలో రత్నకుమారి రెండో చరణం పాడుతోంది. వెనక రొద అలాగే ఉంది. నేల మీద చెంప ఆనించి ఉన్న జ్ఞానప్రకాశానికి పెట్టె పక్క జాలీలోంచి కంప్యూటరు ఫ్యాను ఎదురుగా కనిపించింది. దాని రెక్కలు ఆగి ఉన్నాయి.

పాట మధ్యలో ఆగింది. "ఏమండీ, ఆ కూలర్ కాస్త ఆపండి. గోలంతా పాటలోకొచ్చేస్తోంది," అంది రత్నకుమారి.

"మే నెల్లో కూలర్ ఆపితే ఉడికిపోతామే. నువ్వు పాడు, వినపడతానే ఉంది," అంది జ్ఞానప్రకాశం గొంతే.

"సరే మీ ఇష్టం. రేపు వినేవాడు నన్ను తిట్టడు, మిమ్మల్నే తిడతాడు." ఆవిడ నవ్వి, వదిలిన చోటే పాట అందుకుంది.

తాయారమ్మ తల దించుకుంది. తెలుగు రాని కాకా కూడా చేతులు తీసేశాడు. ఏడాదిగా ఆ రొదను తిట్టుకుంటూ వచ్చిన జ్ఞానప్రకాశం మాత్రం చాపలో ముఖం దాచుకుని నవ్వాడు. భుజాలు చాలాసేపు అదురుతూనే ఉన్నాయి. అంత దగ్గరగా ఆమె మళ్ళీ మాట్లాడుతుందని ఆయన అనుకోలేదు. మాట్లాడింది, పైగా ఎప్పటిలాగే తప్పు ఆయనదేనని తేల్చింది.

"శివాజీ గారూ, ఆ నాబ్ పూర్తిగా ఇటు తిప్పండి. ఫ్యాను ఎంత అరిచినా పర్లేదు, డిస్కు చల్లగా ఉంటే చాలు," అన్నాడు కాసేపటికి.

సాయంత్రం షాపతనే ఇంటికొచ్చి పాటను జాగ్రత్తగా సీడీలోకి ఎక్కించాడు. కావాలంటే కూలర్ చప్పుడు తీసేస్తానన్నాడు. జ్ఞానప్రకాశం దాన్ని ముట్టుకోనివ్వలేదు.

ఆదివారం కూడికలో అందరూ కూర్చుని, కూలర్‌తో సహా పాట మొత్తం విన్నారు. జ్ఞానప్రకాశం ఒక్కడే మంచం మీద బోర్లా పడుకుని విన్నాడు. కాకా చెయ్యి పడ్డాక ఆ ఇంట్లో ఎక్కువ కదపకూడని డిస్కులు రెండయ్యాయి.