వెళ్ళిపోతానన్న మనిషి

ఆ శనివారం పొద్దున లిఫ్టు మెకానిక్ పెట్టుకున్న పని ఒక్కటే. టీ చల్లారేలోపు నాలుగు వాక్యాలు రాసి వరండా వదిలి వెళ్ళిపోవాలి. వరండా అంటే ఇంటి ముందు ఉండేది కాదు. ఇంటర్నెట్‌లో నలభై మంది కలిసి బ్లాగులు రాసుకునే చోటు. అక్కడ ఎవరి అసలు పేరూ ఎవరికీ తెలియదు. మెకానిక్ పదకొండేళ్ళుగా ‘నాలుగో అంతస్తు’ అనే పేరుతో లిఫ్టుల గురించీ, వాటిలో ఇరుక్కున్న మనుషుల గురించీ రాస్తున్నాడు.

అక్కడ ఒక్కో రాతనూ టపా అంటారు. మూడు రోజుల కిందట అతనొక టపా పెట్టాడు. లిఫ్టులో ఇరుక్కున్న ఒక ముసలావిడ తలుపు అవతల్నుంచి గంటసేపు తన పెళ్ళినాటి కబుర్లు చెప్పింది. తీరా తలుపు తెరుచుకునేసరికి కథ సగంలోనే ఉందని బయటికి రానంది. రాసినవాటిలో తనకు బాగా నచ్చింది అదే. దానికి ఈ మూడు రోజుల్లో వచ్చిన వ్యాఖ్య ఒక్కటి. ‘ఆరో వాక్యంలో ఇరుకుపోయింది అని ఉంది. ఇరుక్కుపోయింది అని ఉండాలి.’ రాసింది ‘అరసున్న’ అనే పేరున్నావిడ. పదకొండేళ్ళుగా అతని ప్రతి టపా కిందా తప్పులు ఏరిపెట్టే మనిషి.

“పొద్దున్నే ఏం రాస్తున్నారు?” అంది భార్య. ఆవిడ తపాలా ఆఫీసులో కౌంటరు దగ్గర పనిచేస్తుంది.

“సెలవు టపా. వరండా వదిలేస్తున్నాను.”

“వదిలేస్తే వదిలేయండి. దానికి మళ్ళీ టపా ఎందుకు?”

“చెప్పాపెట్టకుండా పోతే ఏం బావుంటుంది?”

“వద్దు, ఉండండి అని నలుగురూ బతిమాలాలి. అంతేగా?”

“నాకేం అక్కర్లేదు,” అన్నాడు మెకానిక్, కాస్త తొందరగా.

‘మిత్రులారా, సెలవు. ఒకరి మాటలు నా మనసు నొప్పించాయి. పేరు చెప్పను. నన్నెవరూ ఆపవద్దు,’ అని రాశాడు. ఒకరు అంటే ఆ ఒకరెవరో అందరికీ ఇట్టే తెలిసిపోతుంది. మర్యాదగా ఉండదని ‘ఒకరి’ని ‘కొందరి’ చేసి, ‘పేరు’ని ‘పేర్లు’ చేశాడు. వచ్చిన చిక్కంతా ఆ మర్యాదతోనే వచ్చింది. టపా పంపేశాడు గానీ, సభ్యత్వం రద్దుచేసుకునే బొత్తాం మాత్రం సాయంత్రం నొక్కుదామనుకున్నాడు. నలుగురూ ఏమంటారో చూడాలి కదా.

ఆ రోజు పని ఎనిమిది అంతస్తుల భవనంలో. లిఫ్టు అడుగున ఉండే గోతిలో దిగితే ఫోనుకు సిగ్నల్ అందదు. మధ్యాహ్నం భోజనానికి పైకి వచ్చి చూసుకుంటే అతని టపా కింద అరవై వ్యాఖ్యలు. గుండె కొంచెం పొంగింది. చెయ్యి తుడుచుకోకుండానే చదవడం మొదలుపెట్టాడు.

మొదటిది ‘రెండోచెప్పు’ అనే ఆయనది. ‘మీ కథలు లిఫ్టు కన్నా మెల్లగా నడుస్తాయని పోయిన ఏడాది సరదాకి అన్నాను. ఇంత లోతుగా గుచ్చుకుంటుందనుకోలేదు. తప్పు నాది. వెళ్ళాల్సింది నేను.’ అని రాసి ఆయన వెళ్ళిపోయాడు. ‘రెండోచెప్పు లేని వరండాలో నాకేం పని?’ అంటూ ‘గొడుగు’ అనే ఆవిడ ఆయన వెనకాలే వెళ్ళింది. తాము ఎప్పుడెప్పుడు ఏమేం అన్నామో తవ్వుకుని మరో ఆరుగురు క్షమాపణలు చెప్పి సెలవు తీసుకున్నారు. ఇంకెవరో, ‘అసలు కారణం అరసున్న. అందరికీ తెలుసు, ఎవరూ అనరు,’ అన్నారు. అక్కణ్ణుంచి వరండా రెండు ముక్కలైంది. భాష ముఖ్యమన్నవాళ్ళు భావం ముఖ్యమన్నవాళ్ళతో కలిసి ఉండలేమని వెళ్ళిపోయారు. భావం ముఖ్యమన్నవాళ్ళు, గెలిచాక పోట్లాడటానికి ఎవరూ మిగల్లేదని వెళ్ళిపోయారు. అరసున్న ఎవరికీ జవాబు చెప్పలేదు. ఆమె పేరు పన్నెండు గంటలకే జాబితాలోంచి పోయింది.

ఉండిపొమ్మని అడిగినవాళ్ళు మాత్రం ఒక్కరూ లేరు. ఆపవద్దన్నాడు కదా, ఎవరూ ఆపలేదు.

మెకానిక్ అన్నం పక్కన పెట్టి, గ్రీజు వేళ్ళతోనే ‘నేను వెళ్ళడం లేదు’ అని కొట్టాడు. ఫోను దాన్ని ‘నేను వెళ్ళడం లేటు’ అని దిద్దింది. చూసుకోకుండా పంపేసి, సూపర్‌వైజరు కేకేస్తే మళ్ళీ గోతిలోకి దిగాడు. పదకొండేళ్ళలో మొదటిసారి అతని తప్పు దిద్దకుండా ఉండిపోయింది.

సాయంత్రం అయిదుకు పైకి వచ్చేసరికి సభ్యుల జాబితా పక్కన సున్నాకు దగ్గర్లో ఒక అంకె కనబడింది. వరండా మొదలుపెట్టిన పెద్దాయన రిటైరైన లైబ్రేరియన్. ఆయన నంబరు పేజీ అడుగున ఉంటే ఫోన్ చేశాడు.

“నమస్కారమండీ. నేను నాలుగో అంతస్తుని.”

“చెప్పండి. ఎప్పుడో వెళ్ళాల్సింది, ఇప్పటికే లేటయిందని రాశారుగా. అది చూశాక ఉన్న కాసినిమందీ లేచిపోయారు.”

“అది ‘లేదు’ అండీ. వెళ్ళడం లేదు అని రాశాను.”

“అరసున్న గారుంటే పట్టుకునేవారు,” అన్నాడు పెద్దాయన.

“ఆవిడ నంబరేమైనా ఉందా మీ దగ్గర?”

“లేదండీ. అక్షరాలు కాస్త పెద్దవి చేయమని ఒకసారి నాకు రాశారు. ఆవిడకి చూపు సరిగ్గా ఆనదట. భూతద్దం పెట్టుకుని ఒక్కో అక్షరమే చదువుతారట. అందుకే మనకి కనబడనివి ఆవిడకి కనబడేవి.”

“నాకు తెలియదండీ.”

“నాకూ ఓపిక అయిపోయింది. ఇందాకే నా పేరు కూడా తీసేసుకున్నాను. ఉంటానండీ.”

ఇంటికి వచ్చి కంప్యూటరు తెరిస్తే, పన్నెండుకు అయిదు నిమిషాల ముందు అరసున్న రాసిన ఉత్తరం అతని పేరున ఉంది. ‘మీరు చెప్పిన కొందరిలో నేనొకదాన్నని తెలుసు. ముసలావిడ టపా మూడుసార్లు చదివాను. బావుందని రాద్దామనుకున్నాను. ముప్పై ఏళ్ళు పిల్లల నోటు పుస్తకాలు దిద్దినదాన్ని. తప్పు కింద గీత పెట్టడం వచ్చు గానీ, బాగున్నచోట ఏం రాయాలో చేతకాదు. ఆవిడ మిగతా కథ ఏమిటో మీరు రాస్తారని చూస్తున్నాను. ఇక మీ ఇష్టం.’

దాన్ని రెండుసార్లు చదివాడు. తర్వాత ఆ ముసలావిడ చివరికి ఏం చెప్పిందో, ఏ మాట మీద నవ్వుతూ లిఫ్టులోంచి బయటికొచ్చిందో అంతా రాశాడు. ప్రతి ఒత్తూ వేలు పెట్టి చూసుకున్నాడు. పంపితే ఒక వాక్యం తిరిగొచ్చింది. ‘ఈ పేరుతో ఇక్కడ ఎవరూ లేరు.’

భార్య వెనక నిలబడి చదువుతోంది.

“అందరూ పోయారు,” అన్నాడు. “నా మూలానే. ఒక్క మాట ఆవిడనే అడిగి ఉంటే సరిపోయేది.”

“ఇప్పుడెంతమంది ఉన్నారు?”

“నేనొక్కణ్ణే.”

“మరి మీరూ వచ్చేయండి. ఖాళీ చోట ఒక్కరే కూర్చుని ఏం చేస్తారు?”

నిజమేననిపించి సభ్యత్వం రద్దుచేసుకునే బొత్తాం నొక్కాడు. ఒక చిన్న కిటికీ తెరుచుకుంది. పెద్దాయన వెళ్ళిపోవడంతో వరండా పెత్తనం మిగిలిన సభ్యుడి మీద పడినట్టుంది. ‘నాలుగో అంతస్తు గారు వెళ్ళిపోవాలనుకుంటున్నారు. నిర్వాహకులుగా మీరు అనుమతిస్తారా?’ అని అడిగింది.

“నొక్కండి మరి,” అంది భార్య.

“ఆవిడ ఎప్పుడైనా ఇటు వచ్చి చూస్తేనో?”

“రాకపోతే?”

మెకానిక్ కుర్చీ ముందుకు లాక్కున్నాడు. ముసలావిడ మిగతా కథను టపాగా పెట్టి, అక్షరాలు రెండింతలు పెద్దవి చేశాడు. ఆ తర్వాత చిన్న కిటికీలో ‘అనుమతించను’ అన్నచోట నొక్కాడు.

పొద్దున్నుంచి అతన్ని వెళ్ళొద్దన్న మనిషి అతనొక్కడే.