వందేళ్ళు వెనక్కి వెళ్ళిన రాయి

ఇలా దగ్గరికి జరగండి, మిరపకాయల తొడిమలు తీస్తూనే వినండి. కాలంలో వెనక్కి వెళ్ళడం ఎవరి తరమూ కాదని చదువుకున్నవాళ్ళు అంటారు. నమ్మకండి. మా ఊరి చర్చి సంఘ పెద్ద ప్రేమదాసు గారు వందేళ్ళు వెనక్కి వెళ్ళి, మధ్యాహ్నం భోజనం వేళకి ఇంటికొచ్చేశారు. వెళ్ళింది మార్టూరు దాకా, ట్రక్కు ఆటోలో.

పక్క ఊరి చర్చికి వందేళ్ళ పండగ చేశారు. పందిళ్ళు, బ్యాండు మేళం, మూడు కూరల భోజనం. అది చూసొచ్చాక ప్రేమదాసు గారికి ముద్ద దిగలేదు. మన చర్చి కట్టిందేమో 1951లో. వందేళ్ళు నిండేదాకా ఇంకో ఇరవయ్యేడేళ్ళు ఎవరాగుతారు? అందుకని చర్చినే వెనక్కి పంపారు. మార్టూరులో రాళ్ళు చెక్కే కోటేష్ చేత నల్ల గ్రానైటు పలక మీద 1924 అనీ, శంకుస్థాపన చేసినవారంటూ తన తాత పేరూ చెక్కించుకొచ్చారు.

దాన్ని బిగించింది గుమ్మం పక్క గోడకి. చర్చి ఊడ్చే ఎలీసమ్మ చీపురు పక్కన పెట్టి వచ్చింది. సరిగ్గా అక్కడే ఆమె తండ్రి, తాపీమేస్త్రి నతానియేలు, గోడ పచ్చిగా ఉండగా తాపీ మొనతో తన పేరూ, 1951 అనీ గీశాడు. ఆయనకి ఫోటో లేదు, సమాధి మీద రాయి లేదు. ఏటా సున్నం వేసినప్పుడల్లా ఆ గీతల్ని ఎలీసమ్మే పుల్లతో గీరి తేటపరిచేది.

"అయ్యా, ఇరవై నాలుగులో మీ తాతకి తొమ్మిదేళ్ళు. బర్రెలు కాసేవాడంట. అప్పుడే గుడి కట్టాడా?"

"దేవుడి పనికి వయసుతో పనేంటి ఎలీసమ్మా?"

"మరి మా నాన్న పేరు?"

"పలక వెనక భద్రంగా ఉంటుందిలే. ఎండా వానా తగలదు."

మన చర్చి వందేళ్ళ పండగ ముందురోజు ఎలీసమ్మ ఊడుస్తూ ఊడుస్తూ, పలకకి కప్పిన గుడ్డ ఎత్తి చూసింది. ఆమెకి అక్షరాలు రావు గానీ అంకెలొచ్చు. చూసి, గుడ్డ మళ్ళీ నెమ్మదిగా దించేసింది.

ఒంగోలులో సైన్సు పాఠాలు చెప్పే శ్యామ్ సుందర్ గారు ముఖ్య అతిథి. కాలం ముందుకే గానీ వెనక్కి నడవదని అరగంట ఉపన్యసించి, గుడ్డ లాగి, 1924 అని చదివారు. అందరూ చప్పట్లు కొట్టారు.

"అయ్యగారూ, అడుగున కూడా ఏదో ఉంది. చదివి పుణ్యం కట్టుకోండి, మాకు చదువు రాదు" అంది ఎలీసమ్మ.

ఆయన వంగి చూశారు. పది అంకెలు. చెక్కిన ప్రతి రాయి మూలా తన సెల్ నెంబరు వేసుకోవడం కోటేష్ చేతి అలవాటు. ఇంటిపేరు దాటి కిందికి చదివే అలవాటు ప్రేమదాసు గారికి లేదు.

"ఇరవై నాలుగులో సెల్ నెంబరేంటండీ?" అని అడిగారాయన.

"మా తాతగారు ముందుచూపున్న మనిషండి" అన్నారు ప్రేమదాసు గారు, చెమట తుడుచుకుంటూ.

శ్యామ్ సుందర్ గారు ఊరుకోలేదు. మైకు పక్కనే నిలబడి ఆ నెంబరు నొక్కి, స్పీకరు పెట్టారు. వెనకాల భోజనాల బంతిలో ఫోను మోగింది. పండగ భోజనానికొచ్చిన కోటేష్ ఎడమ చేత్తో ఎత్తాడు.

"చెప్పండి సార్. రాయి పాత తారీకుకా, కొత్త తారీకుకా? పాతదైతే రెండ్రోజులాగాలి, పాలిషు మెరుపు చంపాలి."

ఆ మాట మైకులోంచి ఊరంతా విన్నది. కోటేష్ చెయ్యి కడుక్కుని తనే వచ్చి నాలుగు బోల్టులూ విప్పాడు. ఎలీసమ్మ కొంగుతో గోడ తుడిచింది. పెద్దాయన మాటకి విలువివ్వాలి కదా: నతానియేలు పేరు చెక్కుచెదరకుండా భద్రంగానే ఉంది.

ఇది మర్చిపోకండి. మీ ఊళ్ళో ఎవరైనా వందేళ్ళ నాటి రాయి చూపిస్తే, ఈ కథ చెప్పి, ముందు అడుగున చూడమనండి.