పిడికెడు చింతపండు

నర్మద ఆ పొద్దుటికి వేసుకున్న పథకం చాలా చిన్నది. తానం చేసి, ఇబ్రహీంపట్నంలో బస్సెక్కి, యూనివర్సిటీకి పోయి, తాను తయారు చేసిన స్ఫటికాన్ని కరెంటు కొలిచే మిషన్‌లో పెట్టాలి. లోపల ఒక తీరు, పైపొరలో ఇంకో తీరు నడుచుకునే టోపలాజికల్ పదార్థం అది. బాగా చల్లబరిస్తే కరెంటు ఏ అడ్డూ లేకుండా పారాలి. ఇప్పటిదాకా ఒక్క ముక్కా మాట వినలేదు. ఇవాళ కూడా ఫలితం రాకపోతే పరిశోధన అంశం మార్చుకొమ్మని గైడు రాజశేఖర్ సారు తేల్చేశారు. అంటే ఇన్నేళ్ల కష్టం గంగపాలే.

ఒకసారి కళ్లారా చూసుకుందామని వంటింటి గట్టు మీద స్ఫటికం డబ్బా తెరిచింది. మూత పెట్టకుండానే తానానికి పోయింది. ఎంత చదివితే ఏం లాభం? తిరిగొచ్చేసరికి డబ్బా ఖాళీ.

"అమ్మా, గీ డబ్బల నల్ల ముక్క ఏది?"

"గది చింతపండే గదా? నానబెట్టిన గిన్నెల ఏసిన," అంది తల్లి శోభ.

"గిన్నె ఏది?"

"పిసికి పులుసుల పోసిన. జర గింజలు సుత పడ్డయ్. వల తీసొచ్చి చేపల సంఘపోళ్లు బువ్వకొస్తరు, ఆగం చెయ్యకు."

నర్మద ఉడుకుతున్న చేపల పులుసును అమాంతం తొట్టిలో కుమ్మరించింది. ముక్క దొరికింది.

"అందుల ఏం దిగిందో తెల్వదు, ఎవ్వరు తినొద్దు," అంది నర్మద.

గడపలో నిలబడ్డ తండ్రి రాంచందర్ ముఖం పాలిపోయింది. "నేను ఉప్పు చూసిన బిడ్డా."

ఇంకేముంది, దవాఖానకు పరుగు. వెనకాలే బువ్వకొచ్చిన సంఘం మొత్తం. డాక్టర్ అన్ని పరీక్షలూ చేసి, "ఏం కాలే, ఆకలి మీదున్నడంతే," అని పంపేశాడు. సంఘపోళ్లు దవాఖాన బయట మిర్చి బజ్జీలతో కడుపు నింపుకున్నారు.

నర్మద ల్యాబుకు చేరేసరికి సాయంత్రమైంది. ఎంత కడిగినా ముక్కకు చేపల వాసన పోలేదు. సారు ముక్కు చిట్లించుకుంటూనే మిషన్ నడిపారు. తెర మీద కరెంటుకు అడ్డెంతో చూపే గీత దిగుతూ దిగుతూ ఒక్కసారిగా సున్నాకు పడిపోయింది. మళ్లీ కొలిచారు. మళ్లీ సున్నా. నర్మదకు సంతోషంతో ఏడుపొచ్చింది.

"ఏం చేసినవమ్మా దీన్ని?"

దాచకుండా చెప్పేసింది. సారు నవ్వలేదు. స్ఫటికంలో ఎక్కువై అడ్డుపడుతున్న ఇనుమును పులుపు లాగేసి ఉంటుందన్నారు. "మళ్ల చేసి చూపిస్తెనే లెక్క. చింతపండు ఎంత?"

ఫోన్ చేస్తే శోభ, "పిడికెడు," అంది.

"పిడికెడంటే ఎన్ని గ్రాములమ్మా?" అని ఫోన్ అందుకుని సారే అడిగారు.

"గ్రాములు నాకేం ఎరుక సారు. నా పిడికెడు."

సారు సోమవారం అమ్మను కూడా వెంటబెట్టుకు రమ్మన్నారు.

సోమవారం శోభ ఒళ్లో సంచి పెట్టుకుని బస్సులో కూర్చుంది. ల్యాబు వాళ్లు కొనే చింతపండు మీద ఆమెకు నమ్మకం లేదు.