బఠాణీ హత్య

“నేరం ఎక్కడ జరిగినా నా ముక్కు ముందే పసిగడుతుంది. ఈ ఊళ్లో నేరస్థులెవరికీ కంటిమీద కునుకుండదు. ఎందుకో తెలుసా? నేను మేలుకుని ఉంటాను!” అన్నాడు భూతద్దం, నోరంతా తెరిచి ఆవలిస్తూ.

డిటెక్టివ్‌నని చెప్పుకు తిరుగుతాడని ఊరు వాడికి పెట్టిన పేరది. వాడి అసలు పని కళ్లజోళ్ల దుకాణంలో అద్దాలు తుడవడం. పక్కనే గడియారాలు బాగుచేసుకునే నన్ను తన సహాయకుడిగా నియమించుకున్నాడు. నన్ను మాత్రం అడగలేదు. ఆ ఆదివారం పొద్దున అక్క ఫోన్ చేసినప్పుడు వాడు నా పక్కన లేకపోయి ఉంటే బాగుండేది.

“ఒరేయ్ తమ్ముడూ, బఠాణీ చచ్చిపోయిందిరా. చిట్టి ఏడుపు ఆపడం లేదు. ఒకసారి వచ్చిపో.”

బఠాణీ, గోళీ అనేవి నా మేనకోడలు చిట్టి పెంచుకుంటున్న మరుగుజ్జు హామ్‌స్టర్లు, బొద్దు ఎలుకల్లాంటివి. రెండూ కలిసినా నా గుప్పిట్లో ఇమిడిపోతాయి. చిట్టికి పంచప్రాణాలూ వాటిమీదే. వాళ్ల నాయనమ్మ మాత్రం, “లోకంలో అందరూ ఎలుకల్ని బోనులో పట్టి బయట వదులుతారు. మనం బయటినుంచి తెచ్చి బోనులో పెట్టుకుంటాం!” అని రోజుకోసారి దెప్పేది.

“హత్య!” అన్నాడు భూతద్దం, మా మాటలు చెవి రిక్కించి విని. “పద!”

మేం వెళ్లేసరికి, ఎప్పుడూ చిట్టి గదిలో ఉండే పంజరం హాల్లో, ఏసీకి సరిగ్గా ఎదురుగా బల్లమీద ఉంది. గోళీ దూది నింపిన చెక్కగూట్లో దూరి ముక్కు మాత్రం బయటపెట్టింది. బఠాణీ చెక్కపొట్టు మీద ఉండలా ముడుచుకుని కదలకుండా పడి ఉంది.

భూతద్దం దాన్ని వేలితో తాకాడు. “శవం చల్లగా ఉంది. దీన్నిబట్టి ప్రాణం పోయిందని నేను పసిగట్టాను.”

“అది మేమూ పసిగట్టాం,” అంది అక్క.

వాడు పంజరం చుట్టూ మోకాళ్లమీద పాకి, ఒక తెల్ల వెంట్రుక పట్టుకుని లేచాడు. అందరం అక్క అత్తగారి వైపు చూశాం.

“నా తలమీద ఇంకా బోలెడున్నాయి. అన్నిటినీ జైల్లో పెడతావా నాయనా?” అందావిడ.

“పంజరం ఉండాల్సింది పాప గదిలో. ఇక్కడికి మార్చిందెవరు?” అని గద్దించాడు భూతద్దం.

“నేనే. ఎందుకంటే...”

“ఆగండి! నేరస్థుల సంజాయిషీ వినకూడదన్నది నా మొదటి సూత్రం. వింటే జాలేస్తుంది.”

చిట్టి రెండడుగులు వెనక్కి వేసింది. “నువ్వే చంపేశావా నాయనమ్మా? ఇంకెప్పుడూ నీతో మాట్లాడను. నీ దగ్గర పడుకోను కూడా.”

పెద్దావిడ మొహం వాడిపోయింది. కళ్లజోడు తీసి తుడుచుకుంది. నాకు తల కొట్టేసినట్టయింది. పిలవని పేరంటానికి ఈ వెధవని వెంటబెట్టుకొచ్చింది నేనే కదా!

“పదేళ్లకి మా అత్తాకోడళ్లకి సంధి కుదిరింది,” అంది అక్క నా చెవిలో, పళ్లు కొరుకుతూ. “పది నిమిషాల్లో తగలబెట్టావు.”

భూతద్దం ఇదేమీ పట్టించుకోలేదు. చిట్టి చదువుకునే బల్లదీపం తెచ్చి వెలిగించాడు. “ప్రత్యక్షసాక్షి గోళీని విచారిస్తాను. మొహంమీద దీపం పెడితే ఎంతటివాడైనా నిజం కక్కాల్సిందే.” సాక్షి మనసు కరగాలని బఠాణీని కూడా చేతిరుమాల్లో చుట్టి ఆ దీపం కిందే పెట్టాడు.

“చెప్పు! రాత్రి నువ్వేం చూశావు?”

గోళీ ఒక పొద్దుతిరుగుడు గింజ తీసి బుగ్గలో కుక్కుకుంది. తర్వాత ఇంకొకటి. బుగ్గలు రెండూ బూరెల్లా ఉబ్బాయి.

“సాక్ష్యాధారాలు మింగేస్తోంది!” అని గావుకేక పెట్టాడు భూతద్దం.

ఈ విచారణ పావుగంటకి పైగా సాగింది. గోళీ నోరు విప్పలేదు, వాడు మూయలేదు. ఇంతలో చేతిరుమాలు కదిలింది. అందులోంచి ఒక మీసాల ముక్కు బయటికొచ్చి గాలి వాసన చూసింది.

“బఠాణీ!” అని అరిచింది చిట్టి.

అక్క వెంటనే పశువుల డాక్టరుకి ఫోన్ చేసింది. “చలి ఎక్కువైతే ఈ బుల్లి ప్రాణులు ఒక్కోసారి చచ్చినట్టు నిద్రపోతాయమ్మా. వెచ్చబడితే లేస్తాయి. ఓసారి తీసుకురండి, చూస్తాను. ఏసీ గాలి మాత్రం తగలనివ్వకండి,” అన్నాడాయన.

“నేను మొదటే అనుకున్నాను,” అన్నాడు భూతద్దం. “హతురాలే అసలు నేరస్థురాలు! చావు నటించి నన్ను పక్కదారి పట్టించబోయింది.” అంటూ వేలు చూపించి బెదిరించాడు. బఠాణీ ఆ వేలే కొరికింది.

చిట్టి మెల్లగా నాయనమ్మ దగ్గరికి వెళ్లింది. “పంజరం ఎందుకు మార్చావు?”

“ఒంటినిండా బొచ్చేసుకుని, చక్రం తొక్కీ తొక్కీ రొప్పుతుంటే చూడలేకపోయానే. కాస్త చల్లగాలి తగులుతుందనుకున్నాను. ఇలా అవుతుందని నాకేం తెలుసు?” అందావిడ. “మీరంతా బయటికెళ్లాక రోజూ నేనే గింజలు ఒలిచిపెడుతుంటాను. ఎలుకలకి సేవలేంటని మీ అమ్మ నవ్వుతుందని చెప్పలేదు.”

అక్క నవ్వలేదు. చిట్టి ఆవిడ ఒళ్లో ఎక్కి కూర్చుని మెడ చుట్టూ చేతులు వేసింది. అక్క బఠాణీని రుమాలుతో సహా తెచ్చి అత్తగారి అరచేతుల్లో పెట్టింది.

“అలా నా ప్రతిభ వల్ల ఈ కుటుంబం మళ్లీ...” అని భూతద్దం వేలికి కట్టు కట్టుకుంటూనే ఉపన్యాసం మొదలెట్టాడు.

అక్క అత్తగారు నావైపు తిరిగింది. “అబ్బాయీ, మీవాణ్ణి కూడా కాసేపు ఆ ఏసీ ఎదురుగా కూర్చోబెట్టు. దీపం మాత్రం వెలిగించకు.”