పదకొండు గంటలకు నక్షత్ర తనిఖీ

నక్షత్రం పేలడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదని లోకంలో చాలామంది అమాయకంగా నమ్ముతారు. దురాస్నో పట్నంలోని ఆకాశ ఘటనల నమోదు కార్యాలయం అలా నమ్మదు.

బట్టలు కుట్టే పని మానేసిన దోన్యా ఎడెల్మిరా (దోన్యా అంటే అక్కడ అమ్మగారని), ఇరవై ఆరేళ్లుగా పెరట్లో టెలిస్కోపు పెట్టుకుని గెలాక్సీలను ఒక్కొక్కటిగా పలకరిస్తోంది. ఓ మంగళవారం, ఆరు కోట్ల కాంతి సంవత్సరాల దూరాన ఒక గెలాక్సీ అంచున, నిన్నటిదాకా లేని చుక్క కనిపించింది. సూపర్నోవా, అంటే పేలిపోయిన నక్షత్రం! నక్షత్రప్రియుల సంఘంలోని ఆరుగురూ వంతులవారీగా చూసి నిజమేనన్నారు (ఆరో ఆయన కళ్లద్దాలు మరిచిపోయి వచ్చాడు, అయినా నిజమేనన్నాడు). అది ఆమె పేరిట ఎక్కాలంటే కార్యాలయం ముద్ర పడాలి. ఆలస్యమైతే మరో దేశంలో మరెవరో ఎగరేసుకుపోతారు. బతుకులో ఒక్కసారి తన పేరు రికార్డులో చూసుకోవాలని ఎడెల్మిరా కోరిక.

గుమాస్తా బసిలిసో చంకలో ఫ్లాస్కు ఇరికించుకుని, మాతే కషాయం పీలుస్తూ దరఖాస్తు తిరగేశాడు.

"ఘటన ఎప్పుడు జరిగింది దోన్యా?"

"ఆరు కోట్ల ఏళ్ల కిందట నాయనా. వెలుగే మొన్న చేరింది."

"గడువు ముప్పై రోజులే కదా! ఇంత ఆలస్యం ఎందుకైందో సంజాయిషీ రాసివ్వండి."

"దారి దూరం" అని రాసిచ్చింది. అది అంగీకరించబడింది.

తర్వాత ఇరుగుపొరుగు సాక్షులు ఇద్దరు కావాలన్నారు. సంఘంవాళ్లు కొత్త చుక్క వెలుగును పక్క చుక్కలతో పోల్చి కొలుస్తారు. ఆ అలవాటుకొద్దీ ఎడెల్మిరా ఆ చుక్క పక్కనున్న రెండు నక్షత్రాల నంబర్లు రాసేసింది. బసిలిసో గంభీరంగా చదివాడు.

"వీళ్ల సంతకాలేవీ?"

"నీ తలకాయ! అవి నక్షత్రాలయ్యా!"

"కోప్పడకండి. సాక్షులు రాలేని పక్షంలో క్షేత్ర తనిఖీ ఉంటుంది. అంతేగా!"

తనిఖీ రావడానికి మూడు వారాలు పట్టింది. ఈలోగా చుక్క రోజుకింత వాడిపోతూంటే, ఎడెల్మిరా ఆ లెక్క రాసుకుంటూ లోలోపల కుమిలిపోయింది. చివరికి ఓ గురువారం ఇన్‌స్పెక్టర్ దొన్ వెనాన్సియో దిగాడు. ఉదయం పదకొండు గంటలకు.

"ఎండ మండిపోతుంటే ఏం కనిపిస్తుంది బాబూ? చీకటి పడ్డాక రండి, మీకు దణ్ణం పెడతా."

"మా పనివేళలు తొమ్మిది నుంచి మూడు దాకానమ్మా. పొద్దుగూకాక ఆకాశం మా పరిధిలోకి రాదు."

ఆయన సూర్యుడి వైపు వీపు పెట్టి, పావుగంటసేపు నిజాయితీగా చూశాడు (నిబంధన ప్రకారం ఒక్కో కంటితో విడివిడిగా). నివేదిక అక్కడికక్కడే రాశాడు: "సదరు నక్షత్రం కనిపించలేదు. సాక్షులు కూడా పరారీలో ఉన్నారు. మరింత లోతుగా పరిశీలించగా, ఆకాశంలో మిగతా నక్షత్రాలు కూడా లేవని తేలింది."

ఆ వారమే ఆ పేలుడు ఎక్కడో మరో దేశంలో మరొకరి పేరిట నమోదైంది. ఎడెల్మిరా వంటింట్లో కూర్చుని వెక్కివెక్కి ఏడ్చింది.

అయితే కార్యాలయం ఆమె కోరిక పూర్తిగా కాదనలేదు. గల్లంతైన నక్షత్రాల ఫైలులో, "చివరిసారిగా చూసిన వ్యక్తి" అన్న గడిలో, ముద్రతో సహా ఆమె పేరు ఎక్కింది.