మూడో అంతస్తులో తాతగారి స్తంభాలు

పంజాగుట్ట మెట్రో స్టేషన్‌కు నడిచి వెళ్ళే దూరంలో ఉన్న ఒక అపార్ట్‌మెంటు మూడో అంతస్తులో, ఒక ఫ్లాటు హాల్లో, నూట యాభై ఏళ్ళ నాటి బర్మా టేకు స్తంభాలు నాలుగు ఉన్నట్టు నిర్ధారణ అయిందని తెలియజేయడానికి సంతోషిస్తున్నాం. ఆ అపార్ట్‌మెంటు కట్టి పదహారేళ్ళయింది. ఇందులో ఇబ్బందేమీ లేదు. ఆ సంగతి నిపుణులు ఆలోచించారు. వారి వివరణ సకాలంలో మనవి చేసుకుంటాం.

ఫ్లాటు యజమాని వీర్రాజు గారు బీమా ఆఫీసులో సూపరింటెండెంటుగా చేసి రిటైరయ్యారు. సొంత ఊరు కాకినాడ. ఆయనకు తాతగారి ఇల్లు ఒక్కటి తప్ప జీవితంలో ఏ లోటూ లేదు. తాతగారు అద్దె వాటాల్లో కాపురం చేసి, ఇంటివాళ్ళతో నూతి దగ్గర మాటామాటా వచ్చినప్పుడల్లా ఇల్లు మారిన మనిషి. ఈ లోటు ఉద్యోగంలో ఉన్నంత కాలం తెలియలేదు. రిటైరయ్యాక సీనియర్ సిటిజన్ల సమావేశాలకు వెళ్ళడం మొదలుపెట్టారు. అక్కడ ప్రతివారూ మైకు తీసుకుని తమ తాతగారి మండువా లోగిలి గురించి, చేతులకు అందనంత లావు స్తంభాల గురించి చెప్పేవారు. తన వంతు వచ్చినప్పుడు వీర్రాజు గారు మధుమేహం గురించి నాలుగు ముక్కలు మాట్లాడి కూర్చునేవారు.

మూడో నెలలో ఆయన భార్య ఛాయాదేవి గారితో అన్నారు. "హాల్లో నాలుగు స్తంభాలు పెట్టిద్దామనుకుంటున్నాను."

"స్లాబు గానీ కుంగుతోందా ఏంటి?"

"స్లాబు కోసం కాదు. తాతగారి కోసం."

ముప్పై ఎనిమిదేళ్ళ కాపురంలో ఏ ప్రశ్న అడగాలో, ఏది మింగాలో ఛాయాదేవి గారికి బాగా తెలుసు. "వంటింటికి దారి మాత్రం వదలమనండి" అన్నారు.

స్తంభాలు చేయడానికి కృష్ణానగర్ నుంచి గిరిబాబు వచ్చాడు. సినిమా సెట్లకు వడ్రంగి. తండ్రి ధర్మయ్య సిరిసిల్లలో చేనేత పని చేసినవాడు. మగ్గం మూలపడ్డాక గిరిబాబు తన తల్లి కాంతవ్వను వెంటబెట్టుకుని పట్నం చేరి ఉలి పట్టాడు. ఇరవై ఏళ్ళలో పదకొండు రాజమహళ్ళు, ఆరు జైళ్ళు, లెక్క తెలియనన్ని కోర్టు హాళ్ళు కట్టాడు. అందులో ఏదీ నెలకు మించి నిలవలేదు. నిలవవలసిన అవసరమూ రాలేదు.

గిరిబాబు హాలంతా కొలుచుకుని, ఉన్న సంగతి చెప్పాడు.

"గింత లావు అసలు టేకు దొరకదు సార్. దొరికినా లిఫ్ట్‌ల పట్టదు. లోపల ప్లైవుడ్ డబ్బా చేస్త. ప్లై అంటే పల్చటి పొరలు, ఒకటి నిలువు ఒకటి అడ్డం అతికిస్తరు. అందుకే పగలదు. పైన చెక్కడానికి ఎండీఎఫ్ పెడ్త."

"అదేంటి?"

"చెక్కను నలగ్గొట్టి, జిగురు కలిపి ఒత్తిన పలక సార్. దానికి నార ఉండదు, చార ఉండదు. మిషిన్ ఎటు తిప్పితే అటు తెగుతది. టేకు గట్ల కాదు, దాని దారి దానిది. ఎండీఎఫ్‌తోని ఒక్కటే ఫికర్. నీళ్ళు తాకొద్దు. తాకితే చాయ్‌ల ముంచిన బిస్కెట్ అయితది."

ఎటు తిప్పితే అటు తెగే గుణం వీర్రాజు గారికి నచ్చింది. బీమా ఆఫీసులో ఆయనకు మూడు ప్రమోషన్లు తెచ్చిపెట్టిన గుణం అదే.

దసరా నాటికి స్తంభాలు లేచాయి. తామరపూల తలలు, చిలకలు, కింద ఏనుగు పాదాలు. గిరిబాబు ఇనుప దువ్వెనతో రంగు మీద టేకు చారలు గీశాడు. సైకిలు చైనుతో కొట్టి తరతరాల దెబ్బలు వేశాడు. చిన్న డ్రిల్లుతో పురుగు తొలిచిన రంధ్రాలు పొడిచాడు. ఆఖరున చిక్కటి టీ డికాషన్ రెండు పూతలు పూసి ఆరబెట్టాడు. వీర్రాజు గారు ఒక స్తంభానికి వీపు ఆనించి నిలబడి చూశారు. అరవై దాటిన మనిషికి ఆనుకోవడానికి ఒకటి దొరికింది. ఆయన కళ్ళు చెమర్చాయి. ఇందులో నటన లేదని మనవి.

ఫొటోలు వాట్సాప్‌లో తిరిగి తిరిగి, పురాతన గృహ సంరక్షణ సమితి అధ్యక్షులు కృష్ణమోహన్ గారి దాకా వెళ్ళాయి. సమితివారు ఒక ఫారం పంపారు. ఏమిటివి అన్న గడిలో వీర్రాజు గారు "తాతగారి స్తంభాలు" అని రాశారు. తాతగారు ఇచ్చినవైనా, తాతగారి కోసం చేయించినవైనా తెలుగులో ఆ మాటే సరిపోతుంది. భాష చేసిన మేలుకు ఆయన బాధ్యులు కారు.

ఫారం వెనక నిబంధనలున్నాయి. హాల్లో మేకు కొట్టరాదు. టీవీ, సోఫా ఉండరాదు. స్తంభాలను తట్టి చూడరాదు. ఆదివారాలు పది నుంచి పన్నెండు వరకు సందర్శకులను అనుమతించాలి. వీర్రాజు గారు సంతకం చేశారు. ఛాయాదేవి గారు ఆనాటి నుంచి వంటింట్లో గ్యాసు సిలిండరు పక్కన ప్లాస్టిక్ స్టూలు మీద కూర్చుని పత్రిక చదువుకుంటున్నారు.

తుది పరిశీలనకు వారం ఉందనగా, బాల్కనీలో వాషింగ్ మెషిన్ గొట్టం ఊడింది. నీళ్ళు హాల్లోకి వచ్చి నాలుగో స్తంభం చుట్టూ నిలిచాయి. సాయంత్రానికి ఏనుగు పాదం ఉబ్బి, బోదకాలు అయింది.

గిరిబాబు వచ్చి అడుగు ఎత్తున కోసేశాడు. "గీడ మళ్ళ ఎండీఎఫ్ పెడ్తే మళ్ళ గిదే కథ సార్. బాల్కనీ పక్కపొంటి ఉన్నది. అసలు టేకే పెట్టాలె. దాంట్ల నూనె ఉంటది, నీళ్ళు తొందరగ పట్టయి."

అంత లావు పాత టేకు ఊళ్ళో ఏ కలప అడితిలోనూ దొరకలేదు. ఉన్నది ఒక్క చోటే. కృష్ణానగర్‌లో అతని తల్లి కాంతవ్వ మంచం కింద. ధర్మయ్య మగ్గంలో, నేసిన బట్టను చుట్టే దుంగ అది. ఆయనకు ముందు ఆయన తండ్రీ దాని మీదే నేశాడు. ఎంత కాదన్నా తొంభై ఏళ్ళ కొయ్య. మగ్గం అమ్మేసిన రోజున కాంతవ్వ అదొక్కటీ ఇవ్వనని పట్టుకుని కూర్చుంది.

"అమ్మా, జర అడుగు ముక్క కోసుకుంట" అన్నాడు గిరిబాబు.

కాంతవ్వ మంచం కిందికి వంగి దుంగ మీద చెయ్యి వేసింది. "మీ నాయిన చెయ్యి తాకి తాకి అద్దమైంది గది" అంది. తర్వాత తనే మంచం కింది నుంచి బయటికి లాగింది. "తీస్కపో. మంచం కింద పండుకోని ఏం జేస్తది. పనిల ఉంటెనే కొయ్య."

ఎండీఎఫ్‌లో పావుగంటలో అయ్యే పాదానికి టేకులో పూట పట్టింది. ఉలి రెండుసార్లు మొద్దుబారింది. కోసిన చోట తోలు లాంటి, నూనె లాంటి వాసన వచ్చింది. ఎదురు తిరిగే చెక్కతో పని చేసి గిరిబాబుకు చాలా ఏళ్ళయింది. విసుగు రాలేదు. తండ్రి చేతులతో నున్నబడిన వైపు చెక్కకుండా అలాగే బయటికి పెట్టి బిగించాడు.

తుది పరిశీలనకు సమితివారు లిఫ్టులో రెండు విడతలుగా వచ్చారు. కృష్ణమోహన్ గారు భూతద్దంతో నాలుగు స్తంభాలనూ చూసి, గొంతు సవరించుకుని ప్రసంగించారు.

"భవనం వయసు పదహారేళ్ళు, స్తంభాల వయసు నూట యాభై. ఇది ఎలా సాధ్యమని కొందరు అడుగుతున్నారు. వారు తలకిందులుగా ఆలోచిస్తున్నారు. స్తంభాలు భవనంలోకి రాలేదు. భవనమే వాటి చుట్టూ వచ్చింది. ఈ చారలు చూడండి. ఎంత క్రమంగా, దువ్వినట్టు ఉన్నాయో. పాత టేకుకు మాత్రమే ఉండే క్రమశిక్షణ ఇది."

సభ్యులు చప్పట్లు కొట్టారు. అప్పుడాయన నాలుగో స్తంభం పాదం దగ్గర వంగి, ముఖం చిట్లించారు.

"ఇది అపచారం. ఎవరో ఇటీవల చవక కొయ్యతో అతుకు వేశారు. చారలు చూడండి, ఒకటి ఇటు, ఒకటి అటు. ఈ నునుపు మిషన్ పాలిష్. మూడు రోజుల్లో తీసేసి, మిగతావాటికి సరిపోలే అసలైన పదార్థంతో పూరించాలి."

నిచ్చెన పట్టుకోవడానికి పిలిపించిన గిరిబాబు మూలన నిలబడి ఉన్నాడు. "సార్, గదొక్కటే అసలు కొయ్య. మా తాత మగ్గంది. మిగిలినయన్ని మొన్న దసరాకు నేనే చేసిన."

కృష్ణమోహన్ గారు జాలిగా చూశారు. "బాబూ, ఈ పనితనం ఇవాళ్టి వడ్రంగుల వల్ల అయ్యేది కాదు. నువ్వు చేశానంటే నమ్మేటంత అమాయకులం కాము."

గిరిబాబు వీర్రాజు గారి వైపు చూశాడు. వీర్రాజు గారు ఫ్యాను వైపు చూశారు. ఫ్యాను తిరగడం లేదు.

"అతనే చేశాడండీ" అన్నారు ఛాయాదేవి గారు వంటింటి గుమ్మంలోంచి. "నెల రోజులు ఆ పొట్టు ఊడ్చింది నేనే."

ఇంటి ఇల్లాలు భావోద్వేగానికి లోనయ్యారని సమితి నివేదికలో నమోదైంది.

మూడో రోజు గిరిబాబు టేకు పాదం విప్పి, దాని చోట ఎండీఎఫ్ బిగించాడు. అతని పనికి మెప్పు, అతని తండ్రి కొయ్యకు తిరస్కారం, రెండూ ఒకే కాగితం మీద వచ్చాయి. దేనికి ఎంత స్పందించాలో తెలియక పని ముగించాడు. ఛాయాదేవి గారు ఆ పాదాన్ని ఉతికిన నేత చీర ముక్కలో చుట్టి ఇచ్చారు. "మీ అమ్మగారికి చెప్పు నాయనా, మా ఇంట్లో ఉన్న నాలుగు రోజులూ నేను రోజూ తుడిచానని."

ఇంట్లో కాంతవ్వ మూట విప్పి చూసింది. "వాపసెందుకు తెచ్చినవ్?"

"బాగ లేదన్నరమ్మ."

"గట్లనే అంటరు" అందామె. "మగ్గం బంద్ పెట్టుమన్నోళ్ళు సుత గదే అన్నరు." ముక్కను మంచం కింద పెట్టి, అన్నం వడ్డించడానికి లేచింది.

స్తంభానికి ఇత్తడి ఫలకం బిగించారు. మేకు విషయంలో సమితివారు తమ నిబంధన నుంచి తమకే మినహాయింపు ఇచ్చుకున్నారు. దాని మీద ఇలా ఉంది: చెక్క, బర్మా టేకు. శిల్పి, అజ్ఞాతం. ఆ నెల సీనియర్ సిటిజన్ల సమావేశంలో వీర్రాజు గారు నలభై నిమిషాలు మాట్లాడారు. మధుమేహం ప్రసక్తి రాలేదు.

పది రోజుల తర్వాత, సెట్టులో ఒక జైలు కడుతుండగా గిరిబాబు ఫోను మోగింది.

"నేను, కృష్ణమోహన్‌ని. పక్కన ఎవరూ లేరు కదా?"

"లేరు సార్."

"మా హాల్లో కూడా ఒక నాలుగు పెట్టాలి. మా తాతగారివి. వీర్రాజు గారివాటి కంటే పదేళ్ళు పాతవి కావాలి. అధ్యక్షుణ్ణి కదా, బాగుండదు."

గిరిబాబు ఉలి కింద పెట్టి వేళ్ళ మీద లెక్క వేశాడు. "పదేండ్లు ఎక్కువ అంటే ఇంకో వారం పడ్తది సార్."

కృష్ణమోహన్ గారు అభ్యంతరం చెప్పలేదు. వారసత్వం ఒక్క రోజులో రాదని ఆయన ప్రతి సభలోనూ చెబుతూనే ఉంటారు.