సంజాయిషీ చెప్పని ప్రోటీను

ఏ ప్రోటీనైనా మనిషికి ఉపయోగపడాలంటే రెండు షరతులున్నాయి. ఒకటి, అది సరైన ఆకారంలో ముడుచుకోవాలి. రెండు, అరుదైన మందుల మంజూరు కార్యాలయం దాన్ని గుర్తించాలి. మొదటిది ఒంట్లో చడీచప్పుడు లేకుండా జరిగిపోతుంది.

ఆ మొదటి షరతు జీవశాస్త్రం టీచరుకు కొట్టినపిండి. అమైనో ఆమ్లాలు పూసల్లా వరుసకడతాయనీ, ఆ దండ మెలితిరిగి ఒక రూపం తెచ్చుకుంటుందనీ, రూపాన్ని బట్టే పని అనీ ఏటా పిల్లలకు చెబుతుంది. గోడలకు రంగులు వేసే ఆమె తమ్ముడికి ఒక పూస తప్పు పడింది. కండరాల్లో నిలవున్న చక్కెరను విడగొట్టాల్సిన ప్రోటీను వంకరగా ముడుచుకుంది. చక్కెర పేరుకుపోయి కండలు సడలాయి. నిచ్చెనలెక్కిన మనిషి ఇప్పుడు కుర్చీలోంచి లేవాలన్నా అక్క భుజం పట్టుకోవాలి. ఆ ప్రోటీనునే సరైన ఆకారంలో తయారుచేసి మందుగా ఎక్కిస్తారు. దానికే ఈ మంజూరు.

మంజూరు కార్యాలయంలో సెక్షన్ ఆఫీసరు తమ్ముడి రిపోర్టు చదివి కళ్ళజోడు తీశాడు.

"ప్రోటీను లేనివాళ్ళకే మందమ్మా. మీవాడికి ఉందని రాశారుగా."

"ఉంది సార్. పనిచెయ్యదు."

"పనిచెయ్యకపోవడం వేరు, లేకపోవడం వేరు." (ఈ సూత్రం మీదే ఆ కార్యాలయం ఇన్నేళ్ళుగా నడుస్తోంది.)

టీచరు పైకి చూసింది. "ఆ ఫ్యాను తిరుగుతోంది కదా సార్, గాలొస్తోందా?"

"రాదు. రెక్కల వంపు పోయింది."

"మా తమ్ముడి ప్రోటీనూ అంతే. ఆకారం పోయింది."

ఆఫీసరు మెత్తబడ్డాడు. "నిజమే తల్లీ. కొత్త ఫ్యాను కావాలని ఎన్నిసార్లు రాశామో. ఒకటి ఉందిగా, ఇవ్వం అంటున్నారు." సాటి బాధితుడిగా ఫైలును కమిటీకి పంపాడు.

కమిటీ తీవ్రంగా ఆలోచించింది. హాజరై ఉండి పనిచెయ్యనివారి విషయంలో నియమావళి స్పష్టంగానే ఉంది. దాని ప్రకారం ప్రోటీనుకు సంజాయిషీ నోటీసు జారీ అయింది. "విధుల్లో ఉండి చక్కెరను ఎందుకు విడగొట్టడం లేదో గడువులోగా తెలుపవలెను. తెలుపనిచో మీరు లేనట్లుగా పరిగణించబడును." చిరునామా మాత్రం తమ్ముడిది.

తమ్ముడు దాన్ని మంచం మీద పడుకునే రెండుసార్లు చదివాడు. "అక్కా, దీనికేం రాద్దాం?"

"ఏమీ రాయకు. అది నోరు మెదపకపోతేనే నీకు మందు."

"పాపం, దాని తరఫున ఒక్క ముక్కైనా..."

"నోరు మూసుకుని పడుకో."

గడువు గడిచింది. ప్రోటీను ఎప్పటిలాగే ఉలుకూ పలుకూ లేకుండా ఉండిపోయింది. దాన్ని లేనట్లుగా పరిగణిస్తూ, ఆ స్థానంలో మందు మంజూరు చేస్తున్నట్టు ఉత్తర్వు వచ్చింది. టీచరు వంటింట్లోకి వెళ్ళి కొంగుతో కళ్ళు ఒత్తుకుని వచ్చింది.

"లేచి తిరిగితే ముందు ఈ వంటింటికి రంగేస్తా," అన్నాడు తమ్ముడు. "మసి పట్టి అఘోరించింది."

మర్నాడు ఇద్దరూ కార్యాలయం స్టోరుకు వెళ్ళారు. స్టోరు గుమాస్తా మర్యాదస్తుడు. తమ్ముడికి కుర్చీ వేసి, కిటికీ పక్కన ఎండ పడే అరలోంచి పెట్టె తీశాడు.

"మీ పేరుమీద ఎప్పుడో వచ్చేసిందమ్మా. ఉత్తర్వు కోసం భద్రంగా ఉంచాం."

టీచరు పెట్టె తాకింది. వెచ్చగా ఉంది.

"దీన్ని ఫ్రిజ్‌లో ఉంచాలండి. వేడి తగిలితే ప్రోటీను ఆకారం పోతుంది. ఇంక ఎక్కించినా పనిచెయ్యదు."

"ఫ్రిజ్ ఉందమ్మా. అందులో కమిటీ వాళ్ళ మంచినీళ్ళు పెడతాం."

"అయితే ఇది మార్చి ఇంకొకటి ఇవ్వండి."

గుమాస్తా పెట్టెను అటూ ఇటూ తిప్పి చూశాడు. సీలు చెక్కుచెదరలేదు, గడువు తేదీ దాటలేదు. మార్చడానికి కారణమేదీ ఆయనకు కనబడలేదు. ఈలోగా కుర్చీలో ఆయాసపడుతున్న తమ్ముడు కనబడ్డాడు. గుమాస్తా మనసు కరిగింది. ఫ్రిజ్ తెరిచి, తన పూచీ మీద, కమిటీ నీళ్ళ సీసా ఒకటి తెచ్చి అతని చేతిలో పెట్టాడు.

నీళ్ళు చాలా చల్లగా ఉన్నాయి. మూత మాత్రం అక్క తీసిపెట్టింది.